అడగండి, కాని అందరినీ ఒకే తీరున అడగండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో బతుకు ఇంకా చాలావరకు నోట్ల మీదే నడుస్తున్నది. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన సొమ్ము ఖాతాలో పడవచ్చును గాని, ఇల్లు కట్టే మేస్త్రీకి, ఇసుక తెచ్చే ట్రాక్టరుకు చేతికివ్వవలసింది నగదే. బీడీలు చుట్టి కూడబెట్టిన తల్లి కూతురి నికాహ్ ఖర్చు కోసం బ్యాంకుకు పోతుంది. సిరిసిల్లలో మరమగ్గాల ఆసామి కార్మికులకు కూలి చెల్లించడానికి పోతాడు. లక్ష, రెండు లక్షలు, అంతకు మించి తీసుకోవలసిన అవసరం ఇక్కడ ఎవరికైనా రావచ్చును. అటువంటప్పుడు కౌంటరులోని ఉద్యోగి “ఇంత డబ్బు ఎందుకు?” అని అడగడం ఇప్పుడు మామూలైపోయింది.

ఈ ప్రశ్న మన వారిలో చాలామందికి ముల్లులా గుచ్చుకుంటున్నది. నా సొమ్ము నేను తీసుకోవడానికి వీరికి సంజాయిషీ ఎందుకు చెప్పాలన్న మాట సహజమే. ఆ బాధను మేము కొట్టివేయడం లేదు. అయితే అసలు ప్రశ్నే వద్దనే వాదనతోనూ మేము ఏకీభవించడం లేదు. ఎందుకు అడుగుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు, ఎలా అడుగుతున్నారు అన్న మూడింటిని వేరువేరుగా చూస్తే తప్ప న్యాయం తేలదు.

ఎందుకన్నదానికి బలమైన సమాధానమే ఉంది. “డిజిటల్ అరెస్టు” పేరిట సాగుతున్న మోసం నేడు ఎవరికీ కొత్త కాదు. పోలీసు దుస్తులు తొడిగిన ఒకడు వీడియో కాల్‌లో ప్రత్యక్షమై, మీ పేరిట వచ్చిన పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయనో, మీ ఆధార్‌తో అక్రమ నగదు చెలామణి జరిగిందనో బెదిరిస్తాడు. ఇంట్లో ఎవరికీ చెప్పవద్దంటాడు. బ్యాంకులో అడిగితే ఏమని బదులివ్వాలో కూడా వాడే నేర్పుతాడు. చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. అయినా 2024 అక్టోబరు 27 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి దీనిని గురించి దేశాన్ని హెచ్చరించవలసి వచ్చింది. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఈ మోసాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

2024 నవంబరులో హైదరాబాదులో స్టేట్ బ్యాంకు ఉద్యోగులు 61 ఏళ్ళ ఖాతాదారుని 13 లక్షల రూపాయలను కాపాడిన సంగతి పత్రికలలో వచ్చింది. తన డిపాజిట్లను రద్దు చేయమని ఆయన వచ్చారు. ఎందుకని అడిగితే సొంత అవసరమన్నారు. ఆ జవాబుతో ఉద్యోగులకు సందేహం తీరలేదు. వారు తొందరపడక, ఆయనతో ఓపికగా మాట్లాడి, చివరకు 1930 నంబరు సహాయం అందేలా చూశారు. ఒక్క ప్రశ్న అడగకపోతే ఆ సొమ్మంతా మోసగాళ్ళ పాలయ్యేది.

మన ప్రాంతానికి మరీ దగ్గరి ఉదాహరణ గల్ఫ్ వీసా. నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు వలస కార్మికుని నుంచి తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఆ పైన ఒక యువకుడు లక్షలు తీసి, రసీదు లేకుండా దళారి చేతిలో పెడుతున్నాడంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్లే. అటువంటి యువకుణ్ణి ఒక ఉద్యోగి సౌమ్యంగా “ఏజెంటుకు లైసెన్సు ఉందా, బాబూ?” అని అడిగితే ఒక కుటుంబం అప్పుల ఊబి నుంచి తప్పించుకోవచ్చును. అలాగే కమీషను ఆశకు తమ ఖాతాను ఇతరులకు అప్పగించే పిల్లలున్నారు. ఎవరినో దోచిన సొమ్ము ఆ ఖాతాలో పడుతుంది, నగదుగా బయటికి పోతుంది, చివరకు కేసు ఖాతాదారుని మెడకు చుట్టుకుంటుంది. అక్కడ ప్రశ్న అడగడం బ్యాంకు బాధ్యత.

కనుక ప్రశ్న మేలు చేయగలదు. ఇక ఎవరిని, ఎలా అన్నవి మిగిలాయి. చిక్కు అక్కడే ఉంది.

అదే వరుసలో ఒకరికి “బాగున్నారా సార్” అన్న పలకరింపుతో నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, వెనుక నిలిచిన గడ్డం మనిషిని, బురఖాలోని తల్లిని మాత్రం పదిమంది వినేలా “ఇంత డబ్బు నీకెందుకు, ఎక్కడిది?” అని గద్దిస్తే దానిని జాగ్రత్త అనలేము. ఎక్కడిదన్న ప్రశ్నకూ మోసం నుంచి కాపాడటానికీ సంబంధం లేదు. అది అనుమానం. చట్టం పేరు చెప్పి దీనిని సమర్థించడానికీ వీలులేదు. అక్రమ నగదు చెలామణి నిరోధక చట్టం కింద పది లక్షలకు మించిన నగదు లావాదేవీలను, అనుమానాస్పదమైనవాటిని బ్యాంకులు ఆర్థిక నిఘా విభాగానికి నివేదించవలసి ఉన్నది. కాని ఆ నివేదికలు గోప్యంగా పోవాలన్నది నియమం. అనుమానించిన సంగతి ఖాతాదారునికి కూడా తెలియనివ్వకూడదు. అటువంటప్పుడు నలుగురి ముందు నిలదీయమని ఏ చట్టం చెప్పినట్లు?

నోట్ల రద్దు రోజులు ఎవరూ మరచిపోలేదు. 2016 నవంబరు 8 తరువాత వారానికి 24,000 రూపాయలకు మించి తీయడానికి వీలులేకుండా పోయింది. పెళ్ళి ఖర్చుకు రెండున్నర లక్షలు కావాలంటే శుభలేఖతో పాటు ఎవరెవరికి చెల్లించాలో జాబితా చూపవలసి వచ్చింది. అది ఆనాటి ప్రత్యేక నిబంధన, దాని కాలం ఏనాడో తీరిపోయింది. కాని తన సొమ్ము కోసం ఖాతాదారుడు చేతులు కట్టుకుని నిలబడాలన్న అలవాటు కొన్ని కౌంటర్లను ఇంకా వదలలేదు.

ముస్లింల విషయంలో ఈ అలవాటు వెనుక మరింత పాత చరిత్ర ఉంది. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా నివసించే ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తించి, రుణాలు, ఇతర సేవలు సులువుగా అందనీయడం లేదని 2006లో సచార్ కమిటీ తన నివేదికలో పేర్కొన్నది. అప్పు అడిగినప్పుడు అనుమానించినవారు, దాచుకున్నది తీసుకునేటప్పుడూ అనుమానిస్తే ఇక ఆ సమాజానికి బ్యాంకు మీద నమ్మకం ఎలా కలుగుతుంది?

మేము చెప్పదలచిన అసలు మాట ఇదే. ప్రశ్న పనిచేసేది నమ్మకం ఉన్నచోటనే. డిజిటల్ అరెస్టు మోసగాని ఆయుధం భయం. ఉగ్రవాద కేసు పెడతామన్న బెదిరింపు ఎవరినైనా వణికిస్తుంది. అటువంటి కేసులలో ఏళ్ళ తరబడి జైలులో మగ్గి, చివరకు నిర్దోషులుగా బయటపడిన వారిని చూసిన సమాజాన్ని మరీ వణికిస్తుంది. ఆ భయంతో బ్యాంకుకు వచ్చిన వృద్ధునికి ఉద్యోగి ముఖంలోనూ అదే అనుమానం కనబడితే ఆయన నిజం చెప్పడు, మోసగాడు నేర్పిన అబద్ధమే చెబుతాడు. కౌంటరులో మర్యాద దొరికితేనే మనసు విప్పుతాడు. కాబట్టి సమాన గౌరవం, ఖాతాదారుని రక్షణ ఒకదానికొకటి అడ్డు కావు. మొదటిది లేనిదే రెండవది లేదు.

బ్రిటన్ అనుభవం చూడండి. 2014 జనవరిలో అక్కడ హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు పెద్ద మొత్తాలు తీసేవారిని అవసరానికి రుజువులు చూపమన్నదని దుమారం రేగింది. రుజువు తప్పనిసరి కాదని బ్యాంకు ప్రకటించవలసి వచ్చింది. ఆ తరువాత 2016లో అక్కడే పోలీసులు, బ్యాంకులు కలిసి ఒక పద్ధతి మొదలుపెట్టారు. మోసపోతున్నట్లు తోచిన ఖాతాదారునితో శిక్షణ పొందిన ఉద్యోగి మాట్లాడతాడు, అవసరమైతే వెంటనే పోలీసులను పిలుస్తాడు. రుజువులు అడిగితే నిరసన వచ్చింది, రక్షణ కోసం అడిగితే ఆదరణ లభించింది.

మన రిజర్వు బ్యాంకు 2014లోనే ఖాతాదారుల హక్కుల పత్రాన్ని ప్రకటించింది. లింగం, వయస్సు, మతం, కులం, శారీరక సామర్థ్యం ఆధారంగా వివక్ష చూపరాదని, వ్యక్తిగత సమాచారాన్ని గోప్యంగా ఉంచాలని అందులో ఉన్నది. ఈ పత్రాన్ని అమలు చేయమనే మేము కోరుతున్నాము. ఎంత మొత్తం దాటితే అడుగుతారో ప్రతి శాఖ గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాసి పెట్టాలి. ఆ మొత్తం దాటిన వారందరినీ అవే ప్రశ్నలు అడగాలి. పక్కకు పిలిచి, కూర్చోబెట్టి, ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పి అడగాలి. మోసం జాడ లేనప్పుడు జవాబు విని సొమ్ము ఇచ్చివేయాలి.

మన వైపు నుంచి చేయవలసినదీ ఉంది. ప్రశ్న అడిగిన ప్రతి ఉద్యోగినీ శత్రువుగా చూడకూడదు. మర్యాదగా అడిగితే మర్యాదగా, నిజాయితీగా బదులివ్వాలి. ఏ అధికారీ ఫోనులో అరెస్టు చేయడని, డబ్బు అడగడని ఇంట్లో పెద్దలకు, ఆడవారికి చెప్పాలి. మోసపోయామని తోచిన క్షణమే 1930కి ఫోను చేయాలి. ఒక వేడుకకు సంబంధించి ఒకే వ్యక్తి నుంచి రెండు లక్షలు, ఆ పైన నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం. ఫంక్షన్ హాలుకు, నగల దుకాణానికి చెక్కుతో గాని బదిలీతో గాని చెల్లించడం మేలు. ఎన్నికల వేళ 50,000 రూపాయలకు మించిన నగదుతో ప్రయాణించేవారు బ్యాంకు కాగితం వెంట ఉంచుకోవాలి. అప్పును రాసిపెట్టుకోమని, సాక్షులను పెట్టుకోమని ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఆదేశించింది. లెక్క రాసుకునే అలవాటు మనకు పరాయిది కాదు.

అవమానం జరిగినప్పుడు మాత్రం తలవంచుకుని రాకూడదు. తేదీ, సమయం, అన్న మాటలు రాసుకుని ముందు బ్యాంకుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజులలో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకున్నా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఉచితంగా ఆశ్రయించవచ్చును. వివరాలకు 14448 నంబరు ఉంది. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో చదువుకున్న యువకులు మసీదు కమిటీల ద్వారా ఈ ఫిర్యాదులు రాసిపెట్టే బాధ్యత తీసుకుంటే, చదువురాని తల్లి కూడా రేపు కౌంటరు ముందు ధైర్యంగా నిలబడగలదు.