సంగీతం మాస్టారి సెలవు చీటీ

మా కొండపల్లిలో బొమ్మలు చేసేవారి ఇంటికి వెళ్లి, "అయ్యా, మావాడికి పని నేర్పండి, కానీ మీరు మాత్రం ఇకమీదట బొమ్మలు చెయ్యకూడదు" అని అడిగిన మహానుభావుడు ఇంతవరకూ పుట్టలేదు. తెల్లపొణికి కర్ర చెక్కుతూ, రంపపుపొట్టూ చింతగింజల జిగురూ కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికిస్తూ ఉంటే, పక్కన కూర్చున్న కుర్రవాడు చూసి నేర్చుకుంటాడు. అక్కడ పని ఆగితే చదువూ ఆగినట్టే.

సంగీతం మాస్టారి దగ్గరకొచ్చేసరికి మనకీ ఇంగితం ఏమైపోతుందో తెలియదు.

ఇంటర్ చదివే రోజుల్లో నేను సాయంత్రాలు ఒక సంగీత పాఠశాలకు వెళ్లేవాణ్ణి. ఊళ్లోవాళ్లు కమిటీగా ఏర్పడి నడుపుకునే బడి అది. దాని పేరు ఇక్కడ అనవసరం. మా వయొలిన్ మాస్టారికి ధనుర్మాసం వచ్చిందంటే కాలు నిలిచేది కాదు. గుళ్లో కచేరీలు, త్యాగరాజ ఆరాధనలు, రేడియో రికార్డింగులు, మధ్యలో కూచిపూడి నాట్యప్రదర్శనలకు పక్కవాద్యం. నెలకు నాలుగైదు సాయంత్రాలు తరగతి ఉండేది కాదు. తల్లిదండ్రులు గొణిగారు. "జీతం ఇక్కడా, వాయింపు అక్కడానా?" అని కమిటీవారు ఆయన చేతిలో ఒక కాగితం పెట్టారు. బయట కచేరీలు మానుకోవాలి, లేదా గంటల లెక్కన జీతంలో కోత.

పిల్లలు గలవాడు, మానుకున్నారు.

ఆ తర్వాత మూడు నెలలూ మాకు ఒక్క పాఠమైనా పోలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అంతకుముందు కచేరీ మర్నాడు ఆయన తరగతికి వచ్చే తీరే వేరు. "రాత్రి పాడే ఆయన నేననుకోని చోట వదిలేశాడురా, అందుకోలేక రెండావర్తాలు తడబడ్డాను. ఇదుగో, ఇలా వెయ్యాల్సింది" అంటూ కమాను తీసి మాకు చూపించేవారు. గురువు తన తప్పు విప్పి చూపించడం నేనింకెక్కడా చూడలేదు. కచేరీలు ఆగాక చూపించడానికి తప్పులూ లేవు, సరిదిద్దుకోవడాలూ లేవు. మిగిలింది స్వరలిపి పుస్తకం. మరుసటి వేసవికి మాస్టారు బడి మానేశారు. నా వయొలిన్ అటకెక్కింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

అసలు మన సంగీత కళాశాలలు ఎవరితో మొదలయ్యాయో చూడండి. 1919లో విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. కాళ్లకు గజ్జె కట్టి ఊరూరా హరికథ చెప్పిన మనిషి! అక్కడే వయొలిన్ ఆచార్యులై, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు కచేరీ విద్వాంసులుగా దక్షిణాదంతా తెలిసినవారు. మన బెజవాడనే తీసుకుందాం. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు కచేరీలూ చేశారు, శిష్యులనూ తయారుచేశారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, అన్నవరపు రామస్వామి ఆయన దగ్గర నేర్చుకున్నవారే. 1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం వచ్చాక విద్వాంసుడికి మరో వేదిక దొరికింది. ఆ రేడియోలో పనిచేసిన బాలమురళిగారే బెజవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్. ఆ పదవిలోనే పనిచేసిన నేదునూరి కృష్ణమూర్తిగారు కచేరీలు చేస్తూనే అన్నమయ్య కీర్తనలెన్నింటికో వరుసలు కట్టారు. ఆయన బాణీలు ఈనాటికీ సంగీతం క్లాసుల్లో పాడుతున్నారు. వీళ్లందరినీ హాజరుపట్టీతోనే కొలిచి ఉంటే మనకేం మిగిలేది?

ఈ సెలవు తగాదా మనదొక్కటే కాదు లెండి. జర్మనీలో బాహ్ అనే మహా సంగీతకారుడు కుర్రతనంలో చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. 1705లో బుక్స్‌టెహూడె అనే పెద్దాయన వాద్యం వినాలని నాలుగు వారాలు సెలవడిగి వెళ్లి, నాలుగు నెలలకు గానీ తిరిగి రాలేదు. వచ్చాక అధికారులు సంజాయిషీ అడిగారు. అడగవలసిందే! నేనేమీ ఎగవేతను సమర్థించడం లేదు. చెప్పాపెట్టకుండా పోయి, నెలాఖరుకు మాత్రం ఠంచనుగా వచ్చే మాస్టార్లూ ఉన్నారు. పిల్లవాడు పదిమైళ్ల నుంచి బస్సులో వచ్చి తాళం చూసి వెనక్కి పోతే ఆ ఉసురు ఊరికే పోదు.

నేనడిగేది వేరు. మన కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు సెమినారుకు వెళితే ఆన్ డ్యూటీ. సంగీతం మాస్టారు రేడియోలో వాయించడానికి వెళితే క్యాజువల్ లీవు. ఇదెక్కడి న్యాయం? 2018 నాటి యూజీసీ నిబంధనల్లో ఆకాశవాణి 'ఎ' గ్రేడు కళాకారుడికి అధ్యాపకుడయ్యే దారి ఉంది. అంటే గుమ్మం దగ్గర గ్రేడు చూసి రమ్మంటాం, లోపలికొచ్చాక ఆ గ్రేడు తెచ్చిపెట్టిన పనినే సొంత వ్యాపకం అంటాం. గంటల లెక్కన జీతమిచ్చే చిన్న బడుల్లో అయితే మరీ దారుణం. కచేరీ వదులుకున్న మాస్టారు ఆ లోటు పూడ్చుకోవడానికి స్కూటరేసుకుని ఇల్లిల్లూ తిరిగి ట్యూషన్లు చెబుతాడు. ఇక సాధన ఎప్పుడు?

టర్ము మొదట్లోనే కచేరీ తేదీలు నోటీసుబోర్డు మీద పెట్టమనండి. పోయిన పాఠానికి ఆదివారం పొద్దున్న బదులు చెప్పమనండి. వీలైనప్పుడల్లా ఇద్దరు శిష్యులను వెంట తీసుకెళ్లమనండి, ఒకడు తంబూరా పట్టుకుంటాడు, ఇంకొకడు వెనక కూర్చుని వింటాడు. అప్పుడది సెలవెలా అవుతుంది? తరగతి గది మారిందంతే.

మన యూనియన్‌కూ ఒక మాట. వార్షికోత్సవానికి పాటల పోటీల న్యాయనిర్ణేతగా ఏటా ఒక సంగీతం మాస్టారిని పిలుస్తాం. చివర్లో ఆయన చేత వాయింపించుకుని, శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, బస్సెక్కిస్తాం. ఆయన ఆ పూట అరపూట జీతం పోగొట్టుకుని వచ్చారేమోనని అడిగినవాళ్లం లేము. ఈ ఏడు ఆహ్వానపత్రంతోపాటు ఆయన పనిచేసే బడికి ఒక ఉత్తరం రాయండి: మాస్టారిని ఆన్ డ్యూటీ మీద పంపించమని. స్టాంపు ఖర్చు నాది.