లోపాలున్నా మన దేశమే

వేసవి సెలవుల్లో ఇండియా వెళ్ళొచ్చిన పిల్లలు మన బడిలో తరచుగా అడిగే ప్రశ్న: "అక్కడ రోడ్ల మీద అంత చెత్త ఎందుకుంటుంది?"

"అలా అనకూడదు, తప్పు" అని నోరు మూయించడం దీనికి జవాబు కాదు. "ఆ దేశం ఇక బాగుపడదు" అని పెదవి విరవడమూ జవాబు కాదు. మొదటిది నిజాన్ని దాచడం నేర్పుతుంది, రెండోది సిగ్గుపడడం నేర్పుతుంది.

నిజం మొత్తం చెబుదాం. చెత్త ఉంది, లంచాలున్నాయి, కులం అడిగే అలవాటు ఇంకా పోలేదు. అదే దేశం 1995లో పల్స్ పోలియో మొదలుపెట్టింది. ఆదివారాల్లో బడుల్లో, బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో పసిపిల్లలకు రెండేసి చుక్కలు వేశారు. రాని పిల్లల కోసం ఇల్లిల్లూ తిరిగారు. 2011 జనవరి తర్వాత అక్కడ సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ రాలేదు. 2014 మార్చి 27న భారత్‌తో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ గడపలన్నీ ఎక్కి దిగినవాళ్ళు నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, మామూలు వాలంటీర్లు.

మన గర్వం ఇలాంటివాళ్ళను చూసి కలగాలి. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు ఉండనక్కరలేదు. అమ్మమ్మగారి ఇంటి కప్పు కారుతోందని అమ్మమ్మ మీద ప్రేమ తగ్గదు. అలాగని కారడం లేదనీ అనం. కప్పు బాగు చేయిస్తాం.

అమెరికాలో పుట్టిన పిల్లలకు ఇదే సొంత దేశం. దీన్ని ప్రేమించడానికి అమ్మానాన్నల దేశాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు.

పిల్లలూ, ప్రశ్నలు మానకండి. తెలుగులో అడిగితే మాకు ఇంకా సంతోషం.