ఆరవ తరగతిలో జీవితనిర్ణయమా?

నిజామాబాదు పట్టణమున నాలుగు వీధులు తిరిగినవారికి, ఆరవ తరగతినుండియే ఐఐటీ ఫౌండేషన్, ఎనిమిదవ తరగతినుండియే నీట్ శిక్షణ అను ప్రకటనలు గోడలమీదను, ఆటోల వెనుకను, కరెంటు స్తంభములమీదను కనిపించుచునే యుండును. పిల్లలు తమ ఉద్యోగమును గూర్చి ఎంత చిన్నతనమున నిశ్చయించుకొనిన అంత క్షేమమనునది నేడు వాదింపవలసిన పనిలేని సిద్ధాంతమై, పెండ్లిపందిళ్ళలోను, పాఠశాలల తల్లిదండ్రుల సమావేశములలోను వేదవాక్యమువలె చెల్లుబాటగుచున్నది. ఈ సిద్ధాంతము తప్పని నా వాదము. పదునొకండేండ్ల బాలుడు నిశ్చయించుకొనుచున్నాడనుటయే ముందుగా అసత్యము. నిశ్చయించువారు వేరు, ఫీజు కట్టువారు వేరు, వసూలు చేయువారు వేరు, ఆ బాలుడు మాత్రము ఉదయము ఐదు గంటలకు లేచువాడు.

ముందుగా నిశ్చయించుకొనుటవలన కలుగు భద్రత యెట్టిదో తెలిసికొన గోరువారు దూరదేశములకు పోనక్కరలేదు. ఈ జిల్లాలోని బోధనుకు పోయిన చాలును. మంజీరానదిపై నిజాంసాగరు నిర్మాణము 1931లో ముగిసి, కాలువనీరు పారిన పొలములలో చెరకు పెరిగి, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపితమై, శక్కర్‌నగర్ అను పేరుతో ఒక కార్మికనగరమే వెలసిన పిదప, ఆ ప్రాంతమున పిల్లవాడు పెద్దవాడై ఏమి చేయవలెనను ప్రశ్నకు రెండు మూడు తరములపాటు జవాబు సిద్ధముగా ఉండెను. ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా పేరుపొందిన ఆ సంస్థలో పర్మనెంటు కొలువన్నచో తండ్రికి ధైర్యము, కొడుకునకు గౌరవము. అచటి పనులును తేలికపాటివి కావు. పాన్‌హౌస్‌లో మరుగుచున్న పాకమునుండి చిన్న నమూనాను పైకి తీసి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సాగదీసి, తీగ ఎంత పొడవున తెగుచున్నదో, గాజుపలకమీద పలుకు ఎంత పరిమాణమున నిలిచినదో చూచి, పాకము దింపవలసిన క్షణమును చెప్పగల పాన్‌మన్ నైపుణ్యము పుస్తకమున దొరకునది కాదు. ఏండ్ల తరబడి వేడిలో నిలిచి వ్రేళ్ళకు నేర్పుకొనవలసినది. అట్టి ఫ్యాక్టరీని 2002లో ప్రభుత్వము ప్రైవేటు భాగస్వామికి 51 శాతము వాటా ఇచ్చి సంయుక్త సంస్థగా మార్చినది. 2015 డిసెంబరులో యంత్రములు ఆగిపోయినవి. 2019లో కంపెనీ లిక్విడేషన్‌కు ఆజ్ఞలు వెలువడినవి. రైతులు వరికి, సోయాకు మరలిరి. తిరిగి తెరిపింతుమను మాట ఎన్నికల వేళల వినవచ్చుచునే యున్నది, అది వేరు కథ.

1985లో తన పదునాలుగేండ్ల కొడుకుతో "నీ బతుకు ఫ్యాక్టరీలోనే" అని చెప్పిన తండ్రిని మూర్ఖుడనుటకు నాకు నోరాడదు. ఆయన కన్నుల యెదుట చిమ్నీనుండి పొగ లేచుచుండెను, నెలనెల జీతము వచ్చుచుండెను. నేటి తండ్రులకు సాఫ్ట్‌వేరు కొలువును గూర్చియున్న ఆధారములకంటె ఆయనకున్నవి బలమైనవేగాని తక్కువవి కావు. ఐనను ఆ కొడుకు నలుబదినాలుగేండ్లవాడగునప్పటికి, అనగా మరియొక వృత్తి నేర్చుకొనుటకు మిక్కిలి కష్టమైన వయస్సున, ఆ జవాబు వమ్మైపోయెను. ప్రత్యక్షప్రమాణమే ముప్పదియేండ్లకు నిలువనప్పుడు, ఇంకను పుట్టని ఉద్యోగములకొరకు ఆరవ తరగతి బాలుని తీర్చిదిద్దుచున్నామను వారి ధీమాకు ఆధారమేమి?

దీనికి ప్రతివాదులు పోటీని చూపుదురు. సీట్లు కొలది, పిల్లలు కోట్లు. ముందు బయలుదేరినవానికే స్థానము దొరకునందురు. బోధను రైతులకు ఈ వాదమునందలి లోపము నేను చెప్పనక్కరలేదు. గానుగాడు దినములలో ఫ్యాక్టరీ రోజునకు ఆడింపగల చెరకు ఇంతయని నిర్ణీతము. రైతులందరును తొందరపడి ముందే నరికి, బండ్లను గేటుముందు బారులు తీర్చినంతమాత్రమున మిల్లు వేగము పెరుగదు సరికదా, నరికిన చెరకు ఎండకు వాడి, తూకము తగ్గి, రసమునందలి చక్కెరయే విరిగిపోవును. ఒక్కడు ముందు బయలుదేరిన లాభము కలదేమోకాని, ఊరంతయు ఆరవ తరగతిలోనే బయలుదేరినప్పుడు సీట్ల సంఖ్య పెరుగదు, వరుస పొడవు పెరుగును. లాభపడునది గేటు యజమాని యొక్కడే.

ఇందు నాకు మిక్కిలి వింతగా తోచునది మరియొకటి కలదు. ఈ జిల్లాలో బీడీలు చుట్టు ఇండ్లలో, చేటను ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి, జర్దా నింపి దారము చుట్టు పనిని ఆడపిల్లలు పసితనముననే నేర్చిరి. వారి భవిష్యత్తు పదియేండ్లకే నిశ్చితమైపోయెను. దానిని మనము దురాచారమంటిమి, బాలకార్మికవ్యవస్థయంటిమి, చట్టములు చేసితిమి. పుట్టిన కులమునుబట్టి వృత్తి నిర్ణయమగుటను అంతకుముందే సంస్కర్తలు నిరసించిరి. చదువుకొనువారి యిండ్లలో, ఏసీ గదిలో, ఏకరూప దుస్తులతో అదే జరుగుచున్నప్పుడు దానికి ముందుచూపని పేరు పెట్టుట న్యాయమా? పనిభారమునందు ఆ రెంటికి సామ్యము లేదని నేనెరుగుదును. బాలల యెదుటనున్న దారులను పెద్దలు మూసివేయుటలో మాత్రము భేదము కానరాదు.

మహనీయులు బాల్యముననే తమ మార్గమును ఎరిగియుందురని కొందరందురు. నిజాము పాలన చివరిరోజులలో ఈ నిజామాబాదు కోటజైలులోనే కవి దాశరథితోపాటు బందీగా ఉండిన వట్టికోట ఆళ్వారుస్వామి, హోటలులో సర్వరుగను, పత్రికలో ప్రూఫురీడరుగను పనిచేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పిమ్మట నవలాకారుడైనవాడు. ఏ ఫౌండేషన్ తరగతి ఆయనకు ఆ క్రమమును ముందుగా గీచి ఇచ్చియుండును?

2020 జాతీయ విద్యావిధానము కూడ ఆరవ తరగతినుండియే వృత్తివిద్య యనుచున్నది గదా యని ఒక మిత్రుడు నన్ను నిలదీసెను. ఆ విధానము చెప్పినది వేరు: ఆరు మొదలు ఎనిమిది తరగతుల పిల్లలు సంచి లేకుండ పది దినములు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలగువారి వద్దకు పోయి పనిని చూచి, చేసి తెలిసికొనవలెనని. దీనికి నేను విరోధిని కాను, ఇంకను ఎక్కువ దినములు అడుగుదును. పసుపు మార్కెట్ యార్డులో కొమ్మును విరిచి రంగు చూచి ధర కట్టు వ్యాపారిని, గల్ఫునుండి తిరిగివచ్చి మోటారు వైండింగు దుకాణము పెట్టుకొన్నవానిని, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేయు నర్సును ఎన్నడును కలిసి మాటాడని బాలుడు డాక్టరు కావలెననియో, ఇంజనీరు కావలెననియో చెప్పినచో అది వాని కోరిక కాదు, ఇంటిలో విన్న మాట. చూచుటకు పదకొండేండ్లు చాలును. నిశ్చయించుటకు పదునేడేని చాలునో చాలదో.

పదవ తరగతి పరీక్షలు ముగిసి ఫలితములు వెలువడులోపల కొన్ని వారములు దొరకును. ఆ వారములలోనే బ్రిడ్జి కోర్సులో చేర్చువారు కలరు. ఆ వారములను పిల్లవానికే విడిచిపెట్టి, ఊరిలోని పనులను చూచి రానిండు. తరువాత ఇంటరు దరఖాస్తుమీద సంతకము తండ్రి పెట్టవచ్చును. గ్రూపు పేరును మాత్రము వాడే తన చేతితో వ్రాయవలెను, అది ఎంపీసీ యైనను, సీఈసీ యైనను, ఆ దరఖాస్తునే ప్రక్కకు నెట్టి పాలిటెక్నిక్‌కు పోయెదనన్నను సరియే.