వెనుక తలుపు మీది చక్రం

కురుక్షేత్రంలో కర్ణుని రథచక్రం నేలలో దిగబడిన ఘట్టం తెలియని తెలుగువారు అరుదు. అంతటి విలుకాడు విల్లు పక్కన పెట్టి, నేల మీదికి దిగి, రెండు చేతులతో చక్రాన్ని పైకెత్తవలసి వచ్చింది. శాపాల సంగతి అలా ఉంచితే, ఆ సన్నివేశంలో ఒక లౌకిక సత్యం కూడా ఉంది. వీరుడు ఎంతటివాడైనా, రథం ఎంత గొప్పదైనా, ఒక్క చక్రం మొరాయిస్తే ప్రయాణం ఆగిపోతుంది. మోటారు వాహనాలు వచ్చిన తరువాత కూడా ఈ సత్యం మారలేదు. కాకపోతే ఆపదలో ఆదుకోవడానికి మరొక చక్రాన్ని వెంట తీసుకొనిపోవడం మనిషి నేర్చుకున్నాడు.

ఆ అదనపు చక్రాన్నే మనం ‘స్టెప్నీ’ అంటున్నాం. ఈ మాట వెనుక ఒక చిన్న చరిత్ర ఉంది. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. టైరులో గాలి పోతే దారి పక్కన కూర్చుని విప్పి, అతికి, మళ్ళీ బిగించుకోవలసిందే. 1904లో వేల్సు దేశంలోని లనెల్లి పట్టణంలో డేవీస్ సోదరులు ఆకులు లేని ఒక చక్రాన్ని, అంటే గాలి నింపిన టైరు తొడిగిన ఇనుప వలయాన్ని రూపొందించారు. దానిని పాడైన చక్రానికి ఆనించి బిగిస్తే బండి ముందుకు సాగేది. ఆ పట్టణంలోని స్టెప్నీ వీథి పేరే ఈ చక్రానికి పేరయింది. ఎక్కడో పుట్టిన ఆ మాట మన మెకానిక్ షెడ్లలో ఈనాటికీ సజీవంగా ఉంది.

ఇక ఆ చక్రాన్ని ఎక్కడ ఉంచాలన్నది ప్రశ్న. మామూలు కార్లలో దానిని సామాన్లు పెట్టే అర అడుగున దాచుతారు. కొండలు, అడవులు, బురదదారులు తిరిగే వాహనాలలో మాత్రం వెనుక భాగంలో బయటికి కనబడేటట్లు బిగిస్తారు. ఈ ఆచారానికి ప్రసిద్ధి తెచ్చినది రెండవ ప్రపంచయుద్ధపు జీపు. 1941లో తయారీ మొదలైన ఆ విల్లీస్ జీపుకు వెనుక తలుపే లేదు. కదలని వెనుక రేకుకే చక్రాన్ని బిగించారు. 1945లో పౌరుల కోసం వచ్చిన నమూనాకు వెనుకవైపు కిందికి తెరుచుకొనే తలుపు పెట్టినప్పుడు చక్రాన్ని బండి పక్కభాగానికి మార్చారు. తెరిచి మూసే తలుపు వేరు, బరువు మోసే గోడ వేరు అన్న వివేకం అందులో కనిపిస్తుంది. పక్కకు తెరుచుకొనే తలుపులు, దృఢమైన మడతబందులు వచ్చాక చక్రం తలుపు మీదికి చేరింది. మనదేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 2020లో కొత్త రూపు దాల్చిన మహీంద్రా థార్, 2023లో అడుగుపెట్టిన జిమ్నీ ఈ కోవకు చెందినవే.

ఈ అమరికలో ప్రయోజనం లేకపోలేదు. చక్రాన్ని బండి కింద వేలాడదీస్తే అది నేలకు దగ్గరవుతుంది. నిటారు దిబ్బ దిగేటప్పుడు రాళ్ళకు తగులుతుంది. బండి బురదలో కూరుకుపోయినప్పుడు దానిని బయటికి తీయాలంటే ఆ బురదలోనే పడుకోవాలి. సామాన్ల అడుగున పెడితే వాననీటిలోనే సామాన్లన్నీ దించాలి. తలుపు మీది చక్రానికి ఈ బాధలేవీ లేవు. నిలబడి, నట్లు విప్పి, చేతుల్లోకి తీసుకోవచ్చు. కాబట్టి కొండదారి బండికి ఈ చోటు తగినదే.

అయితే తలుపు మోయగలిగినంతే మోస్తుంది. గణితం, భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు ఇది సులభంగానే బోధపడుతుంది. చక్రం బరువు 30 కిలోలు అనుకొందాం. దాని మధ్యబిందువు మడతబందుల నుంచి అర మీటరు దూరంలో ఉన్నదనుకొందాం. రెండు బందుల మధ్య ఎడం కూడా అర మీటరే అయితే, తలుపు తెరిచి నిలిపినప్పుడు పై బందును ఊడదీయడానికి 30 కిలోల బరువుతో సమానమైన బలం పనిచేస్తుంది. కింది బందును అంతే బలం లోపలికి నొక్కుతుంది. బందుల ఎడం సగానికి తగ్గితే ఆ బలం రెట్టింపవుతుంది. ఇందులో తలుపు సొంత బరువును లెక్కించనే లేదు. తలుపు మూసి ఉంటే గొళ్ళెం కొంత భారాన్ని పంచుకొంటుంది. కాని గతుకులలో బండి ఎగిరిపడే ప్రతిసారీ మొత్తం భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

తయారుచేసినవారు ఈ లెక్కలన్నీ వేసి, తాము అమర్చిన చక్రానికి సరిపోయేటట్లు తలుపును నిర్మిస్తారు. చిక్కు ఆ తరువాత వస్తుంది. కొందరు యువకులు బండి గంభీరంగా కనిపించాలన్న కోరికతో మరింత పెద్ద టైర్లు వేయించి, అంత పెద్ద చక్రాన్నీ అదే తలుపుకు తగిలిస్తున్నారు. కొన్నాళ్ళకు తలుపు కుంగుతుంది. గొళ్ళెం సరిగా పడదు. బోల్టుల చుట్టూ రేకు పగులుతుంది. వెనుక అద్దంలోంచి దారి కనిపించదు. ఎత్తులో ఉన్న బ్రేకు దీపం మరుగున పడితే వెనుక వచ్చేవారికి ముప్పు. పెద్ద చక్రం నిజంగా అవసరమైనవారు దానిని తలుపుకు కాక, బండి చట్రానికి బిగించిన ప్రత్యేకమైన ఇనుప చేతికి అమర్చుకోవడం మేలు. తలుపు తీయడానికి ముందు ఆ చేతిని పక్కకు జరపవలసి వస్తుంది. ఆ మాత్రం శ్రమ అపాయం కంటె నయం. అదైనా నిబంధనలకు లోబడే జరగాలి. వాహన నిర్మాణాన్ని తోచినట్లు మార్చడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం అంగీకరించదు.

అసలు ఈ చక్రమే అనవసరమనేవారు కూడా ఉన్నారు. ట్యూబులేని టైర్లు, గాలి పీడనాన్ని తెలిపే పరికరం, మరమ్మతు సామగ్రి ఉంటే చిన్న ప్రయాణికుల వాహనాలకు అదనపు చక్రం తప్పనిసరి కాదని 2020లో కేంద్రప్రభుత్వం నిబంధనలను సవరించింది. 2013లో మనదేశంలో తలుపు మీద చక్రంతో వచ్చిన ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌కు 2021లో ఆ చక్రం లేని నమూనా కూడా వచ్చింది. నగరవీథులలో తిరిగే బండికి ఇది సబబే కావచ్చు. కాని రాతిమొనకు టైరు పక్కభాగం చీలితే ఏ మరమ్మతు సామగ్రీ అక్కరకు రాదు. అడవి నడుమ అప్పుడు దిక్కు ఆ చక్రమే.

కొన్నేళ్ళ క్రితం మారేడుమిల్లి ఘాట్‌రోడ్డులో మేము ఎక్కిన అద్దె బండికి టైరు పగిలింది. వెనుక తలుపు మీద నిగనిగలాడే తొడుగులో చక్రం ఉంది. తొడుగు మీద గర్జించే పులి బొమ్మ కూడా ఉంది. ధైర్యంగా దించి చూస్తే అందులో గాలి లేదు. మాతో ఒక నిండు గర్భిణి, ఇద్దరు పసివాళ్ళు ఉన్నారు. చీకటి పడింది. ఫోనుకు సిగ్నల్ లేదు. రెండు గంటల తరువాత ఒక లారీ డ్రైవరు దయతలచి మమ్మల్ని కిందికి చేర్చాడు. ఆ బండి వెనుక వందలమంది ఆ పులిని చూసి ఉంటారు. దాని వెనుక చక్రంలో గాలి ఉన్నదో లేదో చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆనాటి నుంచి నా అభిప్రాయం స్థిరపడింది. కొండదారి బండి వెనుక తలుపు మీద చక్రం ఉండవలసిందే. అయితే అది అలంకారంగా కాక ఆధారంగా ఉండాలి. నెలకొకసారి మిగిలిన నాలుగు చక్రాలతోపాటు దానిలో గాలి చూడాలి. నట్లు బిగువుగా ఉన్నవో లేవో పరీక్షించాలి. ఎండకు, వానకు రబ్బరు పగుళ్ళు పడిందేమో గమనించాలి. టైరు పక్కన ముద్రించిన అంకెలలో చివరి నాలుగూ అది తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అంటే 2019వ సంవత్సరం ఇరవైమూడవ వారం. నడవని టైరు కూడా ముసలిదవుతుంది. ఆపద వచ్చాక చక్రంలో గాలి వెదకడం ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం వంటిది. ఇక జాకీ, పానా బండిలో ఉంటే చాలదు. వాటిని వాడే విధానం ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా ఆడపిల్లలకు కూడా నేర్పాలి.

అదనపు చక్రం ఉన్నా ఆనాడు కర్ణునికి ఉపకరించేది కాదేమో! నేర్చిన విద్య అవసర సమయానికి గుర్తుకు రాకపోవడమే అతని అసలు కష్టం. ఆ కష్టం మనకు రాకుండా చూసుకోవడం మన చేతిలోనే ఉంది. ఈసారి మీ వీథిలో అటువంటి బండి కనిపిస్తే దాని మీది బొమ్మను చూసి మురిసిపోక, అందులో గాలి ఉన్నదా అని యజమానిని ఒక్కసారి అడిగి చూడండి.