ఆర్టికల్స్‌కు కాదనే వీలివ్వండి

భారత చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ (ఐసీఏఐ) అధ్యక్షులకు, కౌన్సిల్ సభ్యులకు,

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటపడింది. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవు. అంత మొత్తం రాత్రికి రాత్రి పుట్టలేదు. చిన్న తేడాగా మొదలై ఏటికేడు పెరిగింది. కంపెనీ చేతికిచ్చిన డిపాజిట్ రసీదులను నమ్మకుండా, బ్యాంకుకే నేరుగా రాసి జవాబు తెప్పించుకుంటే గుట్టు రట్టయ్యేది. 2015లో శిక్ష పడిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు.

ఈ సరిచూసే పని చాలా ఆఫీసుల్లో సీఏ శిక్షణలో ఉన్న ఇరవై, ఇరవైరెండేళ్ల ఆర్టికల్స్‌దే. నీతి నియమావళి వాళ్లకు కంఠతా వచ్చు. "పోయినేడూ ఇలాగే చేశాం, టిక్కు పెట్టేయ్" అని సీనియర్ అన్నప్పుడు మాత్రం, పరీక్షలో మార్కులు తెచ్చిన జవాబు నోరు దాటదు. శిక్షణ పూర్తయిందని సంతకం పెట్టాల్సింది ఆ ఆఫీసే కదా! మొదటి టిక్కు దగ్గర చెయ్యి వణుకుతుంది, పదో దానికి వణకదు. నన్ను భయపెట్టేది అదే.

కాబట్టి ఇలాంటి ఒత్తిడిపై ఆర్టికల్స్ పేరు బయటపడకుండా మీకే నేరుగా ఫిర్యాదు చేసే మార్గం పెట్టండి. ఫిర్యాదు చేసినవారు శిక్షణ ఇచ్చే ప్రిన్సిపల్ సమ్మతితో పనిలేకుండా, చేసిన శిక్షణాకాలం నష్టపోకుండా వేరే ఆఫీసుకు మారే వీలు కల్పించండి. వచ్చే బ్యాచ్ నుంచే అమలు చేయండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక చిన్న వాటాదారు