సీసా మీద తేదీ ఉండాలి
జంషెడ్‌పూర్ దగ్గర పర్సుడీహ్ చుట్టుపక్కల సంతల్లో హండియా (బియ్యపు కల్లు) అమ్మే ఆమెను అడిగితే కుండ ఏ రోజు పెట్టిందో చెబుతుంది. వేలకు వేలు పోసి కొనే క్రూగ్ గ్రాండ్ క్యూవే లాంటి షాంపేన్‌పై మాత్రం పంట ఏడాది ఉండదు. ఎన్నో ఏళ్ల వైన్లు కలిపి చేస్తారు కాబట్టి అది న్యాయమే. కానీ ఈస్టు మడ్డి తీసి బిరడా బిగించిన తేదీ తెలియాలి కదా! అక్కణ్ణుంచే నిమ్మ పులుపు మెత్తబడి, కాల్చిన రొట్టె, తేనె, బాదం వాసనలు పైకొస్తాయి. క్రూగ్ 2011 నుంచి వెనక లేబుల్‌పై ఆరంకెల సంఖ్య వేస్తోంది: మొదటి అంకె త్రైమాసికం, తర్వాతి రెండు సంవత్సరం. 411తో మొదలైతే 2011 చివరి మూడు నెలలన్నమాట. మంచి పనే, అయినా నాకు చాలదు. లెక్క కట్టే అవసరం లేకుండా తేదీనే అచ్చు వేయాలి. జంషెడ్‌పూర్ ఎండలకు సీసా త్వరగా ముసలిదవుతుంది. కొనేముందు వెనక లేబుల్ చదవండి. తేదీ దొరక్కపోతే అంత డబ్బు పెట్టకండి.