కానరాని కోటకు కావలి

పూర్వకాలంలో రాజ్యరక్షణ అంటే కోటగోడలు, కందకాలు, బురుజులు, కావలిభటులు. శత్రువు ఏ దిక్కునుండి వస్తున్నాడో బురుజుమీది భటునికి కనిపించేది. వెంటనే నగారా మోగేది. నేటి సమాజానికి కూడ అటువంటి కోట ఒకటి ఉన్నది గాని, దానికి గోడలు లేవు. బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రుల రికార్డులు, రైలు టికెట్లు, పరీక్షల ఫలితాలు, విద్యుత్ సరఫరా చేసే యంత్రాల ఆనతులు అన్నీ కంటికి కానరాని ఆ కోటలోనే ఉన్నాయి. దానికి కావలి కాసే విద్యకే సైబర్ భద్రత అని పేరు. ఈ విద్యలో స్నాతకోత్తర పట్టాను ఇంటినుండే, ఆన్‌లైన్ పద్ధతిలో సంపాదించే అవకాశం ఇప్పుడు ఏర్పడింది. తరగతి గదిలో అడుగుపెట్టకుండా, గురువును ఎదుట చూడకుండా నేర్చిన చదువు చదువేనా? అలా చదివినవారి చేతికి కోట తాళాలు అప్పగించవచ్చునా? ఈ ప్రశ్నలను ఆవేశంతో కాక ఆలోచనతో పరిశీలించవలసి ఉన్నది.

ఈ కావలి ఎంత అవసరమో ఇటీవలి చరిత్రే చెబుతుంది. 2017 మే నెలలో వాన్నాక్రై అనే హానికరమైన ప్రోగ్రాం ప్రపంచంలోని అనేక దేశాలలో కంప్యూటర్లను స్తంభింపజేసి, వాటిని విడిపించడానికి డబ్బు కోరింది. ఇంగ్లండులో ఎన్నో ఆసుపత్రులు రోగులను వెనక్కు పంపవలసి వచ్చింది. విచారకరమైన విషయమేమంటే, ఆ ప్రోగ్రాం చొరబడిన లోపానికి దిద్దుబాటు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలయింది. దానిని అమర్చుకోనివారే ఎక్కువగా నష్టపోయారు. 2018 ఆగస్టులో పుణెలోని ఒక సహకార బ్యాంకునుండి నేరగాళ్లు రెండు మూడు రోజులలో సుమారు 94 కోట్ల రూపాయలు కాజేశారు. 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ సర్వర్లు ఇటువంటి దాడికే గురి కాగా, దేశం నలుమూలలనుండి వచ్చిన రోగుల వివరాలను సిబ్బంది కొన్ని రోజులపాటు చేతితో రాసుకోవలసి వచ్చింది. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు కాకుండా, ముందే మేలుకొని ఉండేవారు సమాజానికి కావాలి.

ఈ విద్య స్వభావమేమిటో భారతకథ ఎరిగినవారికి సులభంగా బోధపడుతుంది. పాండవులు వారణావతానికి బయలుదేరినప్పుడు విదురుడు ధర్మరాజుకు రాబోయే ప్రమాదాన్ని నిగూఢమైన మాటలతో సూచించాడు. చుట్టూ ఉన్నవారు ఆ మాటలు విన్నారు. అర్థం మాత్రం ధర్మరాజుకే తెలిసింది. అందరి ఎదుటా పంపిన సందేశం ఒక్కనికే తెలియడం గూఢలిపి శాస్త్రానికి మూలసూత్రం. లక్కయింటిలో అడుగుపెట్టగానే ధర్మరాజు నేతి వాసనను, లక్క వాసనను పసిగట్టాడు. అందమైన గోడలలో దాగిన అపాయాన్ని గుర్తించడం రెండవ పాఠం. తెలిసినట్లు పైకి కనబడనీయక, ఖనకునిచేత సొరంగం తవ్వించి సిద్ధంగా ఉండడం మూడవది. సందేశాన్ని కాపాడడం, లోపాన్ని కనిపెట్టడం, ఆపద వచ్చినా బయటపడే మార్గాన్ని ముందుగా ఏర్పరచుకోవడం - నేటి సైబర్ భద్రతా విద్యార్థి నేర్చే చదువుసారం ఈ మూడింటిలోనే ఇమిడి ఉన్నది.

దూరంగా ఉన్నవారికి విద్య అందించాలన్న ఆలోచన తెలుగువారికి కొత్త కాదు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే నెలకొన్నది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో విలసిల్లుతున్నది. పొలం పనులలో, కర్మాగారాలలో, కాపురపు బాధ్యతలలో చిక్కుకొని కళాశాల గడప తొక్కలేకపోయిన వేలాదిమందికి అది పట్టభద్రులయ్యే భాగ్యం కలిగించింది. ఆనాడు పాఠాలు తపాలాలో వచ్చేవి; ఈనాడు తెరమీద వస్తున్నాయి. మారినది వాహనమే గాని, ఆశయం కాదు.

ఆన్‌లైన్ స్నాతకోత్తర విద్యకు అమెరికాలోని అట్లాంటా నగరంలో గల జార్జియా టెక్ ఒక మంచి ఉదాహరణ. ఆ సంస్థ 2014లో కంప్యూటర్ శాస్త్రంలోను, 2019 జనవరిలో సైబర్ భద్రతలోను ఆన్‌లైన్ మాస్టర్స్ పట్టాను ప్రారంభించింది. సైబర్ భద్రతా పట్టా మొత్తం రుసుము పదివేల డాలర్లకు లోపే ఉండేటట్లు అప్పట్లో నిర్ణయించింది. సమాచార భద్రత, ప్రభుత్వ విధానాలు, విద్యుత్ వ్యవస్థల వంటి వాటి రక్షణ అని ఆ చదువులో మూడు శాఖలున్నాయి. చివర విద్యార్థి ఒక ప్రాజెక్టు చేసి చూపాలి. జార్జియా టెక్ కంప్యూటర్ శాస్త్ర పట్టాపై 2019లో ప్రచురితమైన ఒక పరిశోధన ఆసక్తికరమైన విషయాన్ని తేల్చింది. ఆన్‌లైన్‌లో చేరినవారిలో అత్యధికులు, ఆ అవకాశమే లేకపోతే మరెక్కడా చేరేవారు కారు. అనగా ఆన్‌లైన్ విద్య ఒకరి పీటను లాగి మరొకరికి వేయలేదు. పంక్తిలో కొత్త పీటలు వేసింది. మన దేశంలోను ఐ.ఐ.టి. కాన్పూరు వంటి సంస్థలు ఉద్యోగం చేస్తున్నవారికి సైబర్ భద్రతలో ఆన్‌లైన్ మాస్టర్స్ పట్టాను అందిస్తున్నాయి. గేట్ పరీక్ష రాయకుండానే అందులో చేరవచ్చు.

ఆన్‌లైన్ చదువుపై వినవచ్చే మొదటి ఆక్షేపణ ప్రయోగశాల లేదన్నది. రసాయనశాస్త్రానికి, వైద్యవిద్యకు ఈ ఆక్షేపణ నూటికి నూరుపాళ్లు వర్తిస్తుంది. సైబర్ భద్రత సంగతి వేరు. ఇక్కడ ప్రయోగశాల కంప్యూటరే. ఒక కంప్యూటరులోనే మరొక కల్పిత కంప్యూటరును సృష్టించుకొని, దానిమీద దాడి చేసి, దెబ్బతిన్న తీరును పరిశీలించి, తిరిగి యథాస్థితికి తెచ్చుకోవచ్చు. పగిలే పరికరం లేదు, ఎవరికీ హాని లేదు. పైగా నిజజీవితంలో నేరగాడు దూరంనుండే దాడి చేస్తాడు. రక్షకుడూ దూరంనుండే ఎదుర్కొంటాడు. దూరాన్ని జయించవలసిన విద్యను దూరంనుండి నేర్వడం సహజమే గాని వింత కాదు.

రెండవ ఆక్షేపణ గంభీరమైనది: గురువు ఎదుట లేకుండా విద్య అబ్బుతుందా? ఈ సందర్భంలో పలువురు ఏకలవ్యుని పేరెత్తుతారు. మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని విలువిద్యలో సాటిలేనివాడైన ఏకలవ్యుడు ఆన్‌లైన్ విద్యార్థికి ఆదర్శమంటారు. ఆ దీక్ష ఆదర్శప్రాయమనడంలో సందేహం లేదు. కాని ఆ కథలో ఆ వీరునికి కొరవడినవి రెండున్నాయి. తప్పును దిద్దే గురువు లేడు. నేర్చినదానిని గుర్తించే సభ లేదు. సభ ఎక్కవలసిన విద్య అడవిలోనే ఉండిపోయింది. గుర్తింపునకు బదులు బొటనవేలు పోయింది. కాబట్టి ఆన్‌లైన్ చదువు విలువను కొలవడానికి ఈ రెండే గీటురాళ్లు. విద్యార్థి పొరపాటును చూచి దిద్దే ఆచార్యులు అక్కడ ఉన్నారా? నేర్చినదానిని నిజాయితీగా పరీక్షించి గుర్తించే వ్యవస్థ ఉన్నదా? ఈ రెండూ ఉన్నచోట గురువు వేలమైళ్ల దూరాన ఉన్నా గురువే. ఇవి లేనిచోట ఎన్ని వీడియోలు చూసినా అది మట్టిబొమ్మకు మొక్కడమే అవుతుంది.

గుర్తింపు విషయంలో మన దేశంలో ఒక అడుగు ముందుకు పడింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2020లో నిబంధనలు రూపొందించి, గుర్తింపు పొందిన సంస్థలిచ్చే ఆన్‌లైన్ పట్టాలు కళాశాలలో చదివి పొందిన పట్టాలతో సమానమని ప్రకటించింది. అయితే గుర్తింపు ఉన్న సంస్థ ఏదో, లేనిది ఏదో తెలుసుకోవలసిన బాధ్యత విద్యార్థిదే. ఆ సంఘం గుర్తింపు పొందిన సంస్థల జాబితాను, నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడ ప్రకటిస్తుంది. ఉద్యోగం ఖాయమని ఊరించే ప్రకటనలు చూచి, జాబితా చూడకుండా డబ్బు చెల్లించేవాడు సైబర్ భద్రతలో మొదటి పాఠానికే తప్పినట్లు. నమ్మేముందు పరీక్షించడమే గదా ఆ పాఠం!

మరొక సత్యాన్ని దాచకుండా చెప్పుకోవాలి. తెలుగునాట ఎన్నో కుటుంబాలు పొలం అమ్మి, అప్పు చేసి పిల్లలను పైచదువులకు అమెరికా పంపుతున్నాయి. తక్కువ రుసుముతో అక్కడి పట్టా ఇంటికే వస్తుందంటే ఆశ కలగడం సహజం. కాని ఇక్కడ కూర్చుండి చదివే చదువుకు అక్కడి విద్యార్థి వీసా లభించదు. చదువు ముగించినవారికి అక్కడ కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతీ దీనికి వర్తించదు. ఇది జ్ఞానానికి దారి గాని విమానం ఎక్కడానికి దారి కాదు. ఆ భేదం తెలిసి చేరినవారికి నిరాశ ఉండదు.

అన్నింటికంటె ముఖ్యమైనది శీలం. పగలంతా ఉద్యోగం చేసి, పిల్లలను నిద్రపుచ్చి, రాత్రి పదిగంటలకు పుస్తకం తెరిచే తల్లిని ఊహించుకోవచ్చు. గడువు తరుముతుంటుంది, పక్కన కూర్చుండి ధైర్యం చెప్పే సహాధ్యాయి ఉండడు. ఆ క్షణంలో ఎదుటి తెరమీదనే సమాధానం రాసిపెట్టే కృత్రిమ మేధ సిద్ధంగా ఉంటుంది. 2016లోనే జార్జియా టెక్ ఆన్‌లైన్ తరగతిలో విద్యార్థుల సందేహాలకు జిల్ వాట్సన్ అనే పేరుతో సమాధానాలిచ్చినది యంత్రమని వారు చాలాకాలం గుర్తించలేదు. నేడు విద్యార్థి పేరుతో యంత్రమే సమాధానం రాసినా గుర్తించడం కష్టమే. కంప్యూటరుపై అమర్చిన కెమెరా పరీక్షార్థి ముఖాన్ని చూస్తుంది, మనస్సును చూడలేదు.

ఇతర విద్యలలో మోసం చేసినవాడు తనకే ఎక్కువ నష్టం చేసుకుంటాడు. ఈ విద్యలో మోసం సమాజానికే ముప్పు. పరీక్షలో కావలి కన్నుగప్పి పట్టా పొందినవాడే రేపు పదిమంది సొమ్ముకు కావలివాడు కావడం కంచె చేను మేయడం కాక మరేమిటి? అతనికి తెలియని లోపం ఏ ఆసుపత్రిలోనో శస్త్రచికిత్సను ఆపవచ్చు. ఏ వృద్ధుని పింఛను ఖాతానో ఖాళీ చేయవచ్చు. అందువల్ల ఆన్‌లైన్ పట్టా గొప్పదా, తరగతిగది పట్టా గొప్పదా అన్న వాదం కంటె, ఎవరూ చూడనప్పుడు విద్యార్థి ఏమి చేస్తున్నాడన్న ప్రశ్న గొప్పది. ఎవరూ చూడనిచోట నిజాయితీగా ఉండగలవాడే ఎవరికీ కనబడని కోటను కాపాడడానికి అర్హుడు. ఒంటరిగా, నిఘాకు దూరంగా చదివే ఆన్‌లైన్ చదువు ఆ అర్హతను ప్రతిరాత్రి పరీక్షిస్తుంది. ఆ పరీక్షలో నెగ్గినవారి పట్టాను శంకించవలసిన పనిలేదు.

నేటి ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఆ పట్టా ఇంకా కొన్నేళ్ల దూరంలో ఉన్నది. దానికి పునాది మాత్రం ఇప్పుడే పడాలి. గణితాన్ని శ్రద్ధగా చదవడం, తెలియనిదానిని తెలియదని ఒప్పుకోవడం, మిత్రుని సంకేతపదం తెలిసినా వాడకపోవడం - ఇవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కాని కోట కట్టడం మొదలయ్యేది ఇటువంటి చిన్న రాళ్లతోనే. కానరాని కోటకు కావలి కాయదలచినవారు మొదట తమ మనస్సుకు తామే కావలి కాయాలి.